దూరమొకటి, ధర వేరొకటి
(విమానాశ్రయమునకు పోవు దూరపు బస్సుల ఛార్జీలపై ప్రసంగ పాఠము)

బండి కిరాయి దూరమును బట్టి ఉండవలెననుట మనకు పెద్దల కాలమునుండి వచ్చిన నమ్మకము. ఎడ్లబండివాడు ఆమడకు ఇంతయని బేరమాడెడివాడు. జట్కావాడు స్టేషనుకు ఇంత, సంతకు ఇంత అని చెప్పెడివాడు. దూరము పెరిగినకొలది సొమ్ము పెరుగును, తగ్గినకొలది తగ్గును. ఈ లెక్కలో తికమక లేదు. బస్సులు వచ్చిన తరువాత కూడ మనము ఆ త్రాసునే చేతబట్టుకొని తిరుగుచున్నాము. కిలోమీటరుకు ఇన్ని పైసలు, ఇన్ని కిలోమీటర్లు, మొత్తమింత. చాలచోట్ల ఈ త్రాసు సరిగనే తూగును. ఒకచోట మాత్రము అది మొరాయించును. అది విమానాశ్రయమునకు పోవు దూరపు బస్సు.

ఈ బస్సుల విషయమున ప్రయాణికులు వేయు ప్రశ్నలు ముఖ్యముగా నాలుగు. ఒక బస్సు నగరమునకు పోవుచు దారిలో విమానాశ్రయమువద్ద ఆగును. నగరము వరకు పోవువానికి ఒక ధర. అంతకు ముందే దిగిపోవువానికి ఒక్కొక్కప్పుడు అంతకంటె హెచ్చు ధర. తక్కువ దూరము పోయి ఎక్కువ ఇచ్చుట ఎట్లు కుదురును? ఇది మొదటిది. ఒకే దారిలో, ఒకే దినమున, ఒకే విధమైన రెండు బస్సులలో రెండు ధరలు ఎందుకు? ఇది రెండవది. పోవునప్పుడు ఒక ధర, తిరిగి వచ్చునప్పుడు వేరొక ధర ఏమి? ఇది మూడవది. ఊరినుండి నగరము వరకు చేసిన పెద్ద ప్రయాణమునకు ఇచ్చిన సొమ్ములో గణనీయమైన భాగము, నగరమునుండి విమానాశ్రయము వరకు గల చిన్న ప్రయాణమునకు మరల ఇచ్చుకొనవలసి వచ్చుటేమి? ఇది నాల్గవది.

ఈ నాలుగు ప్రశ్నలకును కండక్టరు చెప్పు సమాధానమొక్కటే. 'పైవాళ్లు పెట్టిన రేటండీ' అని అతడు టిక్కెట్టు చింపి చేతిలో పెట్టును. ఆ మాటలో అబద్ధము లేదు. కాని ఆ రేటు వెనుక ఉన్న లెక్క ఏమిటో అందు తెలియదు. ఆ లెక్కను విప్పి శ్రోతల ముందుంచుట మా నేటి ఉద్దేశము. అందులో కొంత న్యాయమున్నది, కొంత లేదు. ఏది ఎంతవరకో తెలిసినచో ప్రయాణికునికి మేలు.

ముందుగా విమానాశ్రయములు ఎక్కడ ఉన్నవో చూతము. ఒకప్పుడు అవి నగరముల మధ్యనే ఉండెడివి. హైదరాబాదువారికి బేగంపేట, బెంగళూరువారికి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి విమానాశ్రయము ఊరిలోనివే. 2008వ సంవత్సరములో ఈ రెండును ఊరు విడిచి బయటకు పోయినవి. మార్చి 23న శంషాబాదులోను, మే 24న దేవనహళ్లివద్దను కొత్త విమానాశ్రయములు పని ప్రారంభించినవి. నేల విస్తారముగా దొరకవలెనన్నచో ఊరి వెలుపలికి పోక తప్పదు. నాటినుండి విమాన ప్రయాణమునకు బస్సు ప్రయాణము తోకవలె తగులుకొన్నది.

ఇప్పుడు మన జిల్లాల పటము తలచుకొందము. శంషాబాదు హైదరాబాదునకు దక్షిణమున, కర్నూలునుండి వచ్చు జాతీయ రహదారి ప్రక్కన ఉన్నది. కావున కర్నూలువారికి విమానాశ్రయము నగరము కంటె ముందే వచ్చును. కరీంనగరమువారు ఉత్తరమునుండి వత్తురు. వారు నగరమంతయు దాటవలెను, లేదా శామీర్‌పేట వద్ద బాహ్యవలయ రహదారి ఎక్కి చుట్టి రావలెను. దేవనహళ్లి బెంగళూరునకు ఉత్తరమున ఉన్నది. అనంతపురము, పెనుకొండ వైపునుండి పోవువారికి అదియు నగరము కంటె ముందే తగులును. మద్రాసు విమానాశ్రయము తీరు వేరు. అది నగరమునకు నైరృతి దిక్కున, మీనంబాకము తిరుసూలముల వద్ద ఉన్నది. నెల్లూరునుండి పోవువారికి అది నగరమునకు ఆవలి ఒడ్డు. ఒకరికి విమానాశ్రయము ముందు వచ్చును, ఒకరికి వెనుక వచ్చును. ధరలలోని చిక్కు ఇక్కడనే మొదలగును.

ఇక ధర యొక్క కట్టడమును చూతము. ఇది అంతస్తుల మేడవంటిది. క్రింది అంతస్తు దూరము. మన రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థల సాధారణ బస్సులలో దూరమును స్టేజీలుగా విభజింతురు. రెండు స్టేజీల మధ్య ఎక్కడ దిగినను తరువాతి స్టేజీ వరకు సొమ్ము చెల్లింపవలెను. బస్సు తరగతి పెరిగినకొలది స్టేజీలు పలుచబడును. పల్లెవెలుగు బస్సునకు ఊరూర స్టేజీ ఉండును. రాత్రిపూట పోవు శీతల బస్సునకు నాలుగైదు ఊళ్లే ఉండవచ్చును. అట్టి బస్సులో నగరపు అంచున దిగువాడు కూడ నగరము నడిబొడ్డు వరకు ధర చెల్లించుట కద్దు. ఇది విమానాశ్రయము కొరకు కల్పించిన పద్ధతి కాదు. స్టేజీ లెక్కలోనే ఉన్న గుణము.

ఇచ్చట చట్టము మాట కొంత చెప్పవలెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము బస్సులను రెండు రకములుగా చూచును. దారి పొడుగునను ప్రయాణికులను ఎక్కించుకొనుచు దింపుచు పోవునది స్టేజి క్యారేజి. ముందుగా కుదుర్చుకొన్న ఒప్పందము మేరకు ఒక జట్టును ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చునది కాంట్రాక్టు క్యారేజి. ఒప్పందములో లేనివారిని అది దారిలో ఎక్కించుకొనరాదు. ఛార్జీల విషయమున ఆదేశములిచ్చు అధికారమును ఆ చట్టపు 67వ విభాగము రాష్ట్ర ప్రభుత్వములకు ఒసగినది. ఆ అధికారము రెండు రకములకును చెందును. అయినను ఆచరణలో ప్రభుత్వ సంస్థల సాధారణ బస్సులకు ఛార్జీల పట్టిక ఉండగా, ప్రైవేటు రాత్రి బస్సుల ధర వారమును బట్టి, పండుగను బట్టి మారుట అందరెరిగిన సంగతి. ఒకే దారిలో రెండు బస్సులకు రెండు ధరలుండుటకు మొదటి కారణమిది. చూపునకు రెండును ఒకటే. వాని కాగితములు వేరు.

రెండవ అంతస్తు ఖర్చులు. శీతల బస్సునకు ఇంధనము హెచ్చు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు శీతల బస్సు టిక్కెట్టుపై 5 శాతము పన్ను విధించి, శీతలము కాని సాధారణ బస్సులను విడిచిపెట్టిరి. రహదారి సుంకము వేరు; బాహ్యవలయ రహదారి ఎక్కినచో దాని సుంకము వేరు. కరీంనగరపు బస్సు నగరములోనుండి పోయినచో దూరము తక్కువ, సమయమెక్కువ. వలయము చుట్టి పోయినచో దూరమెక్కువ, సమయము తక్కువ, సుంకమదనము. సామాను సంగతియు మరువరాదు. విదేశమునకు పోవువాని వెంట రెండు పెద్ద పెట్టెలుండును. నలుబదిమంది ప్రయాణికులకు ఎనుబది పెట్టెలైనచో బస్సు కడుపు చాలదు.

అన్నిటికంటె పెద్ద ఖర్చు ఖాళీ సీటు. ఒక చిన్న లెక్క వేయుదము. ఒక బస్సును ఒక దఫా నడుపుటకు 16,000 రూపాయలగుననుకొందము. సీట్లు 40. అన్నియు నిండినచో తలకు 400 రూపాయలు పడును. 25 మాత్రమే నిండినచో 640 పడును. దూరము మారలేదు, ఇంధనము మారలేదు, డ్రైవరు జీతము మారలేదు. మనుషుల సంఖ్య మాత్రమే మారినది. నగరమునకు పోవు బస్సు తనకు అనుకూలమైన వేళ బయలుదేరి నిండుగా పోవచ్చును. విమానాశ్రయపు బస్సు విమానపు వేళకు కట్టుబడవలెను. గల్ఫు దేశములకు పోవు విమానములు పెక్కు రాత్రివేళ, తెల్లవారుజామున ఉండును. అర్ధరాత్రి రెండు గంటలకు ద్వారమువద్ద దింపవలెనన్నచో సగము ఖాళీగానైనను పోవలెను. పోవునప్పటి ధర వచ్చునప్పుడు లేకుండుటకు కూడ ఇదే కారణము. సంక్రాంతి ముందు హైదరాబాదునుండి కోస్తాకు పోవు ప్రత్యేక బస్సులకు ఒకటిన్నర రెట్లు ఛార్జీ తీసికొన్నప్పుడు, తిరుగుదారిలో బస్సు ఖాళీగా వచ్చుననియే కదా సంస్థవారు చెప్పుదురు.

ఇంతవరకు చెప్పిన రెండంతస్తులలో మనకు పెద్ద పేచీ లేదు. ఖర్చు పెరిగినది, ధర పెరిగినది. ఎవరు నడిపినను అంతే. కాని తక్కువ దూరమునకు హెచ్చు ధర యను మొదటి ప్రశ్న ఇంకను మిగిలియే యున్నది. బస్సు విమానాశ్రయము మీదుగానే నగరమునకు పోవుచున్నప్పుడు, ముందు దిగినవాని వలన కలుగు అదనపు ఖర్చేమి? ఇది తెలియవలెనన్నచో మూడవ అంతస్తునకు ఎక్కవలెను. దాని పేరు ప్రయాణికుని గరజు.

ఈ సంగతిని మొట్టమొదట చక్కగా గ్రహించినవారిలో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జూల్ ద్యుపుయి ఒకడు. రోడ్లు, వంతెనలు కట్టించు ఉద్యోగములో ఉండి, వానిపై వసూలు చేయు సుంకముల గురించి 1844లోను 1849లోను వ్యాసములు వ్రాసెను. ఒకే వంతెన దాటుటకు ఒక్కొక్కరు ఒక్కొక్క ధర ఇచ్చుటకు సిద్ధముగా నుందురనియు, సుంకము కట్టించుకొనువాడు ఆ భేదమును కనిపెట్టి ధర పెట్టుననియు ఆయన చూపెను. నాటి రైళ్లలో మూడవ తరగతి పెట్టెలకు పైకప్పు లేకుండుటకు కూడ ఆయన చెప్పిన కారణము ఇట్టిదే. పైకప్పు వేయుటకు అగు సొమ్ము స్వల్పము. కాని కప్పు వేసినచో రెండవ తరగతి టిక్కెట్టు కొనగలవారు కూడ మూడవ తరగతిలోనికి దిగుదురు. వారిని దిగనీయకుండుటకు బీదవానిని ఎండలో ఉంచిరి. తరువాత 1920లో ఆర్థికవేత్త పిగూ తన గ్రంథములో ఇట్టి ధర భేదములను మూడు రకములుగా విడదీసి చెప్పెను. నేటికిని విద్యార్థులు ఆ మూడింటిని వల్లించుచున్నారు.

తక్కువ దూరమునకు హెచ్చు ధర యను చిక్కు అమెరికా రైళ్లలో పూర్వము పెద్ద రచ్చకెక్కినది. షికాగో, న్యూయార్కు వంటి మహానగరముల మధ్య అనేక రైలు కంపెనీలు పోటీ పడెడివి. అందుచేత ఆ రెంటి మధ్య కిరాయి తక్కువ. దారిలోని చిన్న పట్టణములకు ఒకే కంపెనీ దిక్కు. అక్కడి రైతు తన ధాన్యమును సగము దూరము పంపుటకు, పెద్ద నగరపు వర్తకుడు మొత్తము దూరమునకు ఇచ్చు దానికంటె ఎక్కువ ఇచ్చుకొనవలసి వచ్చెను. రైతుల మొర పెరిగి 1887లో అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టము వచ్చెను. ఒకే దారిలో, ఒకే దిక్కున, ఒకే విధమైన పరిస్థితులలో తక్కువ దూరమునకు ఎక్కువ దూరము కంటె హెచ్చు కిరాయి తీసికొనరాదని ఆ చట్టము శాసించినది. 'ఒకే విధమైన పరిస్థితులు' అను మాటను పట్టుకొని కంపెనీలు న్యాయస్థానమునకు పోయినవి. పోటీ ఉన్నచోటు, లేనిచోటు ఒకే విధమైనవి కావని 1897లో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పుటతో ఆ నిబంధన బలము తగ్గెను. 1910లో శాసనసభవారు ఆ మాటలను తొలగించి నిబంధనకు మరల ప్రాణము పోసిరి.

ఈ పాత కథను మన బస్సునకు అన్వయించి చూడవలెను. నగరమునకు పోవుటకు రైలున్నది, ప్రభుత్వ బస్సున్నది, పది ప్రైవేటు బస్సులున్నవి, పంచుకొని పోవు కార్లున్నవి. ధర పెంచినచో ప్రయాణికుడు వేరొకదానికి పోవును. విమానాశ్రయపు ద్వారము వరకు నేరుగా పోవునవి ఎన్ని? ఒకటో రెండో. నగరమే నేటి న్యూయార్కు. విమానాశ్రయమే దారిలోని చిన్న పట్టణము. ఇంగ్లండులో దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. పశ్చిమ ప్రాంతమునుండి లండనుకు పోవు కొన్ని బస్సులు ముందు హీత్రో విమానాశ్రయములో ఆగి, పిదప నగరములోని విక్టోరియా బస్సు స్టేషను చేరును. బ్రిస్టల్ పట్టణమునుండి లండనుకు నేరుగా రైలున్నది. హీత్రోకు నేరుగా లేదు. 1980వ సంవత్సరపు చట్టముతో అక్కడ దూరపు బస్సులపై నియంత్రణ తొలగినది. నాటినుండి ధర పోటీని బట్టి పోవుచున్నది. రైలుతో పోటీ పడవలసిన లండను టిక్కెట్టు తగ్గును. పోటీ లేని హీత్రో టిక్కెట్టు తగ్గదు.

దీనికి మారుగా మద్రాసును చూతము. నెల్లూరునుండియో తిరుపతినుండియో రైలులో సెంట్రలు స్టేషను చేరినవాడు ఎదురుగానున్న పార్కు స్టేషనుకు నడచి, లోకలు రైలెక్కి, కొద్ది రూపాయలతో విమానాశ్రయమునకు ఎదుటనే ఉన్న తిరుసూలము స్టేషనులో దిగగలడు. సామానెక్కువైనచో మెట్రో రైలున్నది. విమానాశ్రయము ఆవలి ఒడ్డున ఉన్నను అక్కడికి పోవుటకు వేరు దారి ఉండుటచేత ఏ బస్సువాడును ఇష్టము వచ్చిన ధర చెప్పలేడు. శంషాబాదు ద్వారము వరకు ఇది వ్రాయునాటికి రైలు లేదు. ధరను అదుపులో ఉంచు గొప్ప అధికారి రెండవ దారియే.

ఇక నాల్గవ అంతస్తు టిక్కెట్టు కొనిన వేళ. ఈ విద్య విమాన కంపెనీలదే. 1978లో అమెరికాలో విమాన ఛార్జీలపై నియంత్రణ తొలగిన పిమ్మట, 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌వారు ముందుగా కొనువారికి చాల తక్కువకును, చివర కొనువారికి ఎక్కువకును సీట్లనమ్ము పద్ధతిని పెద్దయెత్తున ఆచరణలో పెట్టిరి. మన రైలు శాఖవారు 2016 సెప్టెంబరు 9నుండి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో పదింట ఒక వంతు బెర్తులు అమ్ముడైన కొలది మూల ధరను పది శాతము చొప్పున పెంచుచు, ఒకటిన్నర రెట్ల వరకు పోనిచ్చు పద్ధతి పెట్టిరి. 2023లో తెలంగాణ రోడ్డు రవాణా సంస్థవారు బెంగళూరు దారిలో ఇట్టి మారు ధరలను ప్రవేశపెట్టిరి. గిరాకీ లేని దినములలో ధర తగ్గించుటయు ఇందులో ఉన్నది. కావున ఇది కేవలము దోపిడియనుట తగదు.

అయినను ఇచ్చట మనము ఒక్క క్షణమాగి, విమానాశ్రయపు బస్సులో కూర్చున్నవాడెవడో చూడవలెను. విమానమెక్కువాడు ధనవంతుడు, వానికి వంద రూపాయలు లెక్కలేదు అను ఊహ పైరెండంతస్తులకును పునాది. ఆ ఊహ బేగంపేట నాటిది. నేడు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెలనుండి దుబాయికి, మస్కటుకు కూలిపనికి పోవువాడున్నాడు. కడప జిల్లానుండియు కోనసీమనుండియు కువైటులో ఇండ్లలో పనిచేయుటకు పోవు స్త్రీలున్నారు. నిజముగా ధనవంతుడైనవాడు ఇంటినుండి కారులో పోవును. దూరపు బస్సులో రాత్రంతయు కూర్చుండి విమానాశ్రయమునకు వచ్చువాడు చాలమట్టుకు అప్పుచేసి విమానపు టిక్కెట్టు కొన్నవాడే.

వీనికి పైన చెప్పిన ప్రతి నియమమును ఎదురు తిరుగును. ముందుగా కొన్నవానికి తక్కువ ధరయందురు; వీని వీసా, విమానపు టిక్కెట్టు హఠాత్తుగా వచ్చును. ఎల్లుండి ప్రయాణమని ఏజంటు నేడు చెప్పును. వీడెప్పుడును చివర కొనువాడే. ఒక్క బస్సు తప్పినచో వేరొకటి ఎక్కవచ్చునందురు. వీనికి విమానము తప్పినచో అప్పు మాత్రము మిగులును. అంతర్జాతీయ విమానమునకు మూడు గంటల ముందు రమ్మందురు గనుక, వీనికి వేళ ఎంచుకొను స్వేచ్ఛ లేదు. పైగా వీనితో తల్లియు, భార్యయు, పిల్లలును సాగనంప వత్తురు. విమానమెక్కునది ఒకడు; విమానాశ్రయపు ధర చెల్లించునది నలుగురు. తిరిగి పోవునప్పుడు ముగ్గురు మరల చెల్లింతురు. ద్యుపుయి చెప్పిన కప్పులేని పెట్టెలో బీదవాడు ఎండకు ఎండెను, కాని వానికి తక్కువ ధరయైనను దక్కెను. ఇక్కడ బీదవానికి హెచ్చు ధరయే దక్కుచున్నది.

మరి బస్సు నడుపువారి పక్షమున చెప్పవలసినది లేదా? ఉన్నది. నిజాము ప్రభుత్వపు రైల్వే శాఖవారు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన ప్రభుత్వ రవాణా, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. ఇట్టి సంస్థలకు ఆధారమైన 1950వ సంవత్సరపు చట్టము ఒకచోట చాలినంత, పొదుపైన, పొందికగల రవాణాను సమకూర్చుట మీ ధర్మమన్నది; మరియొకచోట వ్యాపార సూత్రములననుసరించి నడుచుకొనుడన్నది. ఈ రెండు కట్లమధ్య సంస్థ నలుగుచుండును. నష్టము వచ్చు పల్లె బస్సును ఆపరాదు. ఆ నష్టమును ఎక్కడనో పూడ్చుకొనవలెను. విమానాశ్రయపు బస్సులో వచ్చిన మిగులు ఏ గుట్టమీది గూడెమునకో బస్సు నడుపుటకు పోవుచున్నచో, అందులో ధర్మము లేకపోలేదు. అయితే ఆ మిగులు ఎవరి జేబునుండి వచ్చుచున్నదో చూచుకొనవలెనని మాత్రము మా మనవి. జగిత్యాల కూలి సొమ్ముతో మరియొక జిల్లా కూలికి బస్సు నడుపుట గొప్ప దానమనిపించుకొనదు.

కావున ఛార్జీలోని హెచ్చుతగ్గులను చూచినప్పుడు మనము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ భేదము ఖర్చు వలన వచ్చినదా? అయినచో చెల్లింపవలసినదే. ఖాళీ సీట్ల వలన వచ్చినదా? అయినచో వేళలు సర్దుకొనుటచేత, బస్సులను కలుపుటచేత తగ్గింపవచ్చునేమో అడుగవలెను. ఈ రెండును కాక, వేరు దారి లేని గరజు వలన వచ్చినదా? అయినచో దానికొక హద్దుండవలెను. 1887 నాటి రైతులు కోరినది ఈ హద్దునే. ఆ చట్టములోనే మరియొక మంచి మాట ఉన్నది. కంపెనీలు తమ ధరల పట్టికను అచ్చువేసి అందరికి కనబడునట్లు ఉంచవలెనని అది ఆదేశించెను. ధర పెంచరాదనుట ఒక చికిత్స. ధరను దాచరాదనుట మరియొక చికిత్స. రెండవది సులభము, దానికి సొమ్ము ఖర్చులేదు.

మనకును అట్టిదొకటి కావలెను. టిక్కెట్టుమీద మూల ఛార్జీ ఇంత, రహదారి సుంకమింత, పన్ను ఇంత, విమానాశ్రయమునకు మళ్లినందుకు ఇంత అని విడివిడిగా ఉండవలెను. నగరము వరకు ధర, విమానాశ్రయము వరకు ధర ప్రక్కప్రక్కన వ్రాసి బస్సు స్టేషనులో కట్టవలెను. దారిలోనే ఉన్న విమానాశ్రయమునకు, దాని ఆవలనున్న నగరపు ధరను మించకుండ స్టేజీ నిర్ణయింపవలెను. సాగనంప వచ్చినవారికి పోక రాకలకు కలిపి తగ్గింపు టిక్కెట్టు ఈయవలెను. ఇవి అసాధ్యములైన కోరికలు కావని మేము తలచుచున్నాము.

అవి వచ్చువరకు ప్రయాణికుడు తన జాగ్రత్తలో తానుండవలెను. టిక్కెట్టు కొనుటకు ముందు విమానాశ్రయము వరకు ధరను, నగరము వరకు ధరను రెండింటిని అడిగి చూడవలెను. నేరుగా పోవు ఒక బస్సునకు, నగరములో మారి పోవు రెండు బస్సులకు అగు మొత్తములను పోల్చుకొనవలెను. కరీంనగరమునుండి వచ్చువాడు సికిందరాబాదులో దిగి నగర సంస్థ నడుపు విమానాశ్రయపు బస్సు ఎక్కుట ఒక దారి. వలయపు రహదారి మీదుగా నేరుగా పోవుట మరియొక దారి. ధరతో పాటు వేళను, సామానును కూడ తూచవలెను. బస్సు విమానాశ్రయపు ద్వారము వరకు పోవునో, రహదారి ప్రక్కన దింపి పోవునో తప్పక కనుగొనవలెను. శంషాబాదు ఊరిలో రహదారిమీద దిగినచో ద్వారము ఇంకను కొన్ని కిలోమీటర్లు ఉండును. అర్ధరాత్రి రెండు పెట్టెలతో ఆ దూరము చౌకగా దొరకదు. తక్కువ ధరకు నగరపు టిక్కెట్టు కొని ముందే దిగిపోవుదుననుకొనుటయు అన్నివేళల క్షేమము కాదు. బస్సు ఆ రాత్రి వంతెనమీదుగా పోవచ్చును, పెట్టెలు అడుగున చిక్కుకొనవచ్చును. దిగవలసినచోటు టిక్కెట్టుపై వ్రాసి ఉండుట ప్రయాణికునికి బలము.

ఇంటిలో చదువుకొన్న పిల్లవాడున్నచో, విదేశమునకు పోవు బంధువుకొరకు ఈ విచారణ వాడే చేసి పెట్టవలెను. బస్సుధరల పట్టికలు నేడు చేతిలోని ఫోనులోనే కనబడును. కాని ప్రయాణపు గాభరాలో ఉన్నవానికి అవి చూచుకొను తీరిక ఉండదు. వానికి ముందు తెలిసినచో యాభైయో నూరో మిగులును. ఆ నూరు రూపాయలు వానికి ఆ రాత్రి విమానాశ్రయములో భోజనమునకు చాలకపోవచ్చును గాని, తల్లి తిరుగు ప్రయాణపు టిక్కెట్టులో కొంతకైనను వచ్చును.

ధరలన్నియు ఒకటిగా ఉండవలెనని మేము చెప్పుటలేదు. దూరమొక్కటే కొలతయైన ఎడ్లబండి కాలము మరల రాదు. పన్ను మారును, వేళ మారును, సీట్లు నిండుటయు మారును; వానితో ధరయు మారును. మారుటకు కారణము చెప్పుమనుట మాత్రము ప్రయాణికుని హక్కు. టిక్కెట్టు ఇచ్చినవాడు ఆ కారణము చెప్పగలిగిననాడు నలుగురును సొమ్ము ఇచ్చి ఊరక కూర్చుందురు. చెప్పలేనినాడు అడుగుటలో తప్పులేదు.